షట్టరు లేని దుకాణం

వేలంపేట మంగతాయారు గారి గుమ్మడి వడియాలు తిన్నవాళ్ళెవరూ ఆవిడతో ఎక్కువ కాలం పోట్లాట పెట్టుకోలేరని వీధిలో ఒక నమ్మకం ఉండేది. ఆవిడ నోటి దురుసుకి ఆ నమ్మకం చాలా అవసరం కూడాను. నోటి మాటెలా ఉన్నా చేతి పని మంచిదని గిట్టనివాళ్ళు సైతం ఒప్పుకునేవారు. ఆ పనిలో ఆవిడకి ఒకటే పట్టింపు. గలగలలాడేలా ఎండితే తప్ప వడియం గడప దాటడానికి వీల్లేదు. మెత్తబడిన వడియం పొరుగింటికి పంపడం కంటే పొరుగింటితో మాటలు మానేయడం నయమని ఆవిడ అభిప్రాయం. ఈ రెండో పని ఆవిడ అప్పుడప్పుడు చేస్తూనే ఉండేది.

ఇలా ఉండగా ప్రభుత్వం వారు ‘ఇంటింటి అంగడి’ అని ఒక పథకం పెట్టారు. ప్రతి ఇంటివారూ ఫోనులో ఒక దుకాణం తెరవాలి. తెరిచిన దుకాణం పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఏ జిల్లాలో ఎక్కువ చుక్కలు వెలిగితే ఆ జిల్లా అంత ముందుకు పోయినట్టు లెక్క. అంచేత అధికారులు చుక్కల కోసం గడప గడపకీ తిరిగారు. ఎదురింటి ఆసామి, నా దగ్గర అమ్మడానికి ఏమీ లేదు మహాప్రభో అని మొత్తుకుంటున్నా వినకుండా ఆయన చేత దుకాణం తెరిపించి, అందులో సరుకు కింద ఆయన పాత సైకిలు పెట్టేశారు. ఆయన ఇప్పటికీ ఆ సైకిలు మీదే తిరుగుతున్నాడు. ఎవరైనా ఎగాదిగా చూస్తే కొనడానికొచ్చారేమోనని గబగబా తొక్కుతాడు.

మంగతాయారు గారిని మాత్రం ఎవరూ బలవంతపెట్టలేదు. ఆవిడే ఎదురెళ్ళింది. పట్టుచీర కట్టుకుని, వడియాల పళ్ళెం పట్టుకుని ఫొటో దిగింది. వేసవిలో సరుకు పొరుగు రాష్ట్రాల దాకా వెళ్ళింది. జిల్లా వారు ‘ఆదర్శ అంగడి’ అని శాలువా కప్పారు. ఆ శాలువాని ఆవిడ వేసవి అని కూడా చూడకుండా వారం రోజులు కప్పుకు తిరిగింది. కాబట్టి తరవాత జరిగినదాంట్లో ఆవిడ పాత్ర బొత్తిగా లేదని చెప్పడానికి వీల్లేదు.

ఆషాఢం వచ్చింది. మబ్బులు మేడ మీదికి దిగినట్టు దిగి కదలకుండా కూర్చున్నాయి. ఉన్న సరుకంతా అయిపోయింది. కొత్తది పెట్టడానికి ఎండ లేదు. వాన పడుతుంటేనే జనానికి పప్పుచారూ, పక్కన వడియాలూ గుర్తుకొస్తాయి. వాన పడుతుంటే వడియాలు ఎండవన్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తుకు రాదు. ఆర్డర్లు వచ్చిపడుతూనే ఉన్నాయి.

ఫోనులో ‘తాత్కాలికంగా ఆపు’ అని ఒక మీట ఉంది. ఆవిడ నొక్కింది. ‘జిల్లా కార్యాలయాన్ని సంప్రదించండి’ అంది ఫోను. సరుకు లేదని పెడితే ఎప్పటికి వస్తుందని అడిగింది. దీపావళికి అని పెడితే, వారం దాటిన తేదీ చెల్లదంది. ఆర్డరు తీసుకుని పంపకపోతే ముందు రెండు హెచ్చరికలు వస్తాయి. మూడోది హెచ్చరిక కాదు. పట్టుచీరతో దిగిన ఆ ఫొటో కిందే ఎర్ర అక్షరాలతో ‘మాట తప్పిన వర్తకురాలు’ అని పడుతుంది. దేశంలో ఎవరు తెరిచి చూసినా కనబడుతుంది.

మొదటి హెచ్చరిక వచ్చిన రోజు ఆవిడకి అన్నం సయించలేదు. పంపితే మెత్తటి వడియం పంపాలి. పంపకపోతే ఎర్ర అక్షరాలు. ఎటు తిరిగినా పోయేది ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న పేరే.

“పోనీ వెళ్ళి అడుగుదాం తాయారూ” అన్నాడు ఆవిడ భర్త సత్తిరాజు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పట్నుంచీ వసారాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేని జీవితం ఆయనకి ఎంతకీ పట్టుబడలేదు.

జిల్లా కార్యాలయంలో అధికారి పరాంకుశం గారు ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆయన చెడ్డవాడు కాదు. సర్వీసు మొత్తం మీద నిబంధనకి ఎదురు చెప్పి ఎరగడు, అంతే. ఆ గదిలో ఆయన కూర్చునే కుర్చీలే రెండున్నాయి. అప్పుడాయన కిటికీ వైపు కుర్చీలో ఉన్నారు.

“దుకాణం కొన్నాళ్ళు మూసుకుంటానండి. వానలు తగ్గగానే మళ్ళీ తెరుస్తాను” అంది మంగతాయారు.

“మూసివేత అనగా ఏమిటో తెలుసునా అమ్మా?”

“తెలీకపోడానికేముందండీ? అమ్మడం మానెయ్యడం.”

“కాదు. సదరు దుకాణపు షట్టరును కిందికి దించి, తాళము బిగించి, అధికారి సమక్షమున సీలు వేయుటయే మూసివేత. మీ షట్టరు ఎక్కడుంది?”

“షట్టరేంటండీ బాబూ! దుకాణం ఫోన్లో ఉంటేను!”

“నేను చెప్పేదీ అదే. షట్టరు లేని దుకాణాన్ని మూసే అధికారం ఈ లోకంలో ఎవరికీ లేదు.”

“మరి షట్టరు లేకుండానే తెరిపించారు కదండీ?”

“తెరిపించుట ప్రోత్సాహక విభాగం వారి పని. వారికి షట్టరుతో నిమిత్తం లేదు. మూయుట నియంత్రణ విభాగం. రెండింటికీ అధికారిని నేనే. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ కుర్చీ సంగతి నాకు తెలియదు, ఈ కుర్చీలో ఉన్నప్పుడు ఆ కుర్చీని నేను ఎరగను.” ఈ మాట ఆయన ఎంతో నిజాయితీగా చెప్పారు. “పోతే, మూసివేతకు కారణం?”

“వానండి.”

“వాన కారణమైతే, వాన ఉన్నట్టు అధికారి ఆ స్థలమునందు స్వయంగా పరిశీలించి ధ్రువీకరించాలి.”

బయట కుండపోతగా కురుస్తోంది. కిటికీ తలుపు టపటపా కొట్టుకుంటోంది. మంగతాయారు కిటికీ వైపు చెయ్యి చూపించింది.

“అది కార్యాలయపు వాన అమ్మా. మీ వానను మీ ఇంటి దగ్గరే చూడాలి.”

“అయితే ఇప్పుడే రండి, ఆటోలో వెళ్ళిపోదాం.”

“అయ్యో, వానలో క్షేత్ర పర్యటన నిషిద్ధం” అన్నారు పరాంకుశం గారు నొచ్చుకుంటూ. “వాన తగ్గగానే వచ్చి చూస్తాను.”

దారి పొడుగునా మంగతాయారు తిట్టిన తిట్లు ఆటో శబ్దంలో కలిసిపోయాయి. ఇంటికొచ్చాక మాత్రం, అడిగింది షట్టరే కదా, అది వాళ్ళ మొహాన కొడితే సరి అనుకుంది. సత్తిరాజు పాత ఇనుము కొట్టుకి వెళ్ళి, ఎప్పుడో మూతపడ్డ బట్టల కొట్టు తాలూకు షట్టరొకటి బేరమాడి తెచ్చాడు. గేటు పక్కన ఖాళీ జాగాలో రెండు ఇనప స్తంభాలు పాతించి, పైన ఒక రేకు వేయించి, ముందు షట్టరు బిగించాడు. మేస్త్రీ గోడలు కూడా కట్టమంటారా అని అడిగాడు.

“షట్టరడిగారు గానీ గోడలడిగారా?” అంది మంగతాయారు. అక్కడితో పని ఆపించేసింది.

వాన వెలిసి నీరెండ కాసిన ఒక మధ్యాహ్నం పరాంకుశం గారు బంట్రోతుని వెంటబెట్టుకుని జీపులో వచ్చారు. ఆకాశం చూసి, ‘వాన కనబడలేదు’ అని రాసుకున్నారు. తరవాత షట్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందు నుంచి చూశారు, వెనక నుంచి చూశారు, పక్క నుంచి తొంగి చూశారు.

“బాగుంది. దీన్ని తెరిచిందెప్పుడు?”

“తెరవలేదండి. మూయడానికే కదా పెట్టించాం” అన్నాడు సత్తిరాజు.

“తెరవనిదాన్ని మూశానని రాస్తే రేపు ఆడిట్ వాళ్ళు నన్ను మూస్తారు. ముందు దీన్ని తెరవండి, నడపండి. సక్రమంగా నడుస్తున్న దుకాణాన్నే సక్రమంగా మూయగలం.”

తెరవడమంటే మళ్ళీ ప్రోత్సాహక విభాగం. అందుకని పరాంకుశం గారే ఇంకో హోదాలో, ఇస్త్రీ బట్టలు వేసుకుని ప్రారంభోత్సవానికి వచ్చారు. షామియానా వేశారు. మైకు పెట్టారు. రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, షట్టరు పైకెత్తారు. అవతల పక్క పెరట్లో కరివేపాకు చెట్టు కనబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఈ దుకాణం ఎంతో త్వరలో మూతపడి, జిల్లాకే ఆదర్శంగా నిలవాలని మనస్ఫూర్తిగా ఆకాంక్షిస్తున్నాను” అని పరాంకుశం గారు ఉపన్యాసం ముగించారు. మంగతాయారుకి ఇంకో శాలువా కప్పారు. ఈసారి ఆవిడ దాన్ని కారు తుడవడానికి పనికొస్తుందని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది.

ఇక దుకాణం నడపాలి. వడియాలు లేవు కాబట్టి అమ్మడానికేమీ లేదు. సత్తిరాజు వసారాలోని కుర్చీని రేకు కిందికి మార్చుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు ఏమమ్ముతారని అడిగేవారు.

“ఏమీ అమ్మమండి. మూయడానికి తెరిచాం” అని చెప్పేవాడాయన. ఇదేదో కొత్త పథకం కాబోలనుకుని వాళ్ళు కూడా తలూపి వెళ్ళిపోయేవారు.

కానీ వాన వస్తే నలుగురూ పరిగెత్తుకొచ్చి ఆ రేకు కిందే నిలబడేవారు. నిలబడ్డ ప్రతివాడూ తల తుడుచుకుంటూ, గొడుగు తెచ్చుకోవాల్సింది అనేవాడు. ఆ మాట పదిమంది నోట విన్నాక సత్తిరాజు బజారుకి వెళ్ళి గొడుగులు తెచ్చి రేకు కింద వేలాడదీశాడు. సాయంత్రానికల్లా అయిపోయాయి. మర్నాడు ఇంకా తెచ్చాడు. పూల గొడుగులు, పిల్లల గొడుగులు, పెద్దవాళ్ళు కర్రలా పట్టుకుని నడిచే నల్ల గొడుగులు.

“లోపలికి జరగండి, లోపలికి జరగండి, స్తంభం దగ్గర ఆగొద్దు! ఏవమ్మా, మీకేది? చిల్లర చేతిలో ఉంచుకోండి సార్!”

వంటింట్లో ఉన్న మంగతాయారుకి ఆ కేక వినబడి చేతిలో గరిటె ఆగిపోయింది. రిటైరయ్యాక ఆయన గొంతు అలా లేవడం అదే మొదలు. వేళకి లేచి, గడ్డం గీసుకుని, చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని మరీ దుకాణానికి వెళ్తున్నాడు. ఆవిడకి చెప్పలేనంత సంతోషం వేసింది. చెబితే నెత్తికెక్కుతాడని చెప్పలేదు.

ఈ సంతోషంలో రెండో హెచ్చరిక వచ్చింది. ఆవిడ కార్యాలయానికి పరిగెత్తింది. దుకాణం ఎలా ఉందని అడిగారు పరాంకుశం గారు.

“బ్రహ్మాండంగా నడుస్తోందండి.”

“అయితే ఇక మూయవచ్చు” అన్నారాయన తృప్తిగా.

తీరా ఆయన వచ్చేది వాన లేనప్పుడే కాబట్టి, వచ్చినప్పుడల్లా వాన కనబడలేదని రాసుకుని, కారణం తేలలేదని వెళ్ళిపోయేవారు. చివరికి మూడోదాని గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుందనగా, ఒకనాటి పొద్దున్న తెరిపిచ్చింది. జీపు వచ్చింది. పరాంకుశం గారు దిగారు. వెనక బంట్రోతు లక్కా, దారం, కొవ్వొత్తీ పట్టుకుని దిగాడు.

“ముందు సీలు వేసేద్దాం. కారణం తరవాత చూద్దాం.”

“బాబూ, మూయాల్సింది ఆవిడ వడియాల దుకాణమండి, నా గొడుగుల కొట్టు కాదు” అన్నాడు సత్తిరాజు అడ్డంగా నిలబడి.

“ఇంటింటి అంగడి అన్నాం గానీ, ఇంటికి రెండేసి అంగళ్ళు అనలేదు. మా దృష్టిలో రెండూ ఒకటే దుకాణం. తప్పుకోండి.”

షట్టరు గరగరమంటూ దిగింది. తాళం పడింది. లక్క కరిగింది. అప్పటిదాకా ఓపిక పట్టిన మబ్బు ఒక్కసారిగా విరుచుకుపడింది. మొదటి చినుకు పడగానే, వానలో పర్యటన నిషిద్ధం కాబట్టి, డ్రైవరు జీపుని తీసుకుని కార్యాలయానికి వెళ్ళిపోయాడు.

పరాంకుశం గారు షట్టరు ముందు నిలబడిపోయారు. రేకు షట్టరు వెనక ఉంది. సీలు వేసిన షట్టరు వెనక్కి అధికారితో సహా ఎవరూ వెళ్ళకూడదు.

“వసారాలోకి వచ్చెయ్యండి బాబూ, తడిసిపోతున్నారు” అని పిలిచాడు సత్తిరాజు.

“పర్యటనలో ఉన్న అధికారి దరఖాస్తుదారు ఇంట ఆశ్రయం పొందరాదు” అన్నారాయన. ముక్కు చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మంగతాయారు చీర కొంగు నెత్తిన వేసుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. “పోన్లెండి, మంచే జరిగింది. ఇప్పుడు రాయండి. వాన కనబడుతోందా?”

బంట్రోతు లక్కకి తెచ్చిన ప్లాస్టిక్ సంచీని కాగితం మీద గొడుగులా పట్టుకున్నాడు. పరాంకుశం గారు కళ్ళజోడు తుడుచుకుని, పైకి చూసి, మళ్ళీ తుడుచుకుని, రాసి చదివారు. “స్వయముగా పరిశీలించగా, వాన కనబడలేదు.”

“నెత్తి మీద పడుతుంటే కనబడలేదంటారేంటండీ!”

“కనబడిందని రాస్తే నేను వానలో పర్యటన చేసినట్టవుతుంది. నేను నిబంధన మీరి ఎరగను. కనుక నేను వానలో పర్యటన చేయడం లేదు. నేను ఇక్కడే ఉన్నాను. కనుక ఇక్కడ వాన లేదు.” ఆ మాట అని ఆయన గట్టిగా తుమ్మారు. “రాజు గారూ, ఒక్క గొడుగు ఇప్పించండి.”

“వాన లేదని రాసిన మనిషికి గొడుగెందుకండీ?” అంది మంగతాయారు.

దగ్గర్లో పిడుగు పడింది. బంట్రోతు కొవ్వొత్తిని గుండెకి హత్తుకున్నాడు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, తనకి కంఠతా వచ్చిన నిబంధనలన్నీ మొదట్నుంచీ వల్లె వేసుకోసాగారు. ఎక్కడో ఒకచోట ఆగి కళ్ళు తెరిచారు. ఆ మొహంలో వెలుగు చూసి సత్తిరాజు భయపడ్డాడు.

“నాకు గంట పర్మిషన్ ఉంది!” అన్నారాయన. “ఈ నెలలో వాడుకోలేదు. ఈ క్షణం నుంచి నేను పర్మిషన్‌లో ఉన్నాను. అనగా అధికారిని కాను, సామాన్య పౌరుణ్ణి. సామాన్య పౌరుడు వానలో ఎక్కడైనా తడవవచ్చు.”

తడుస్తూనే ఆయన వాంగ్మూలం రాశారు. పరాంకుశం అను ఒక బాధ్యతగల పౌరుడు వేలంపేటలో వానను కళ్ళారా చూసి, ఒళ్ళారా తడిసినట్టు సాక్ష్యమిచ్చాడు. కాగితాన్ని ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకున్నారు. పౌరుడి సాక్ష్యం మీద చర్య తీసుకోవడానికి అధికారి పర్యటనలో ఉండనక్కర్లేదు. సాక్షి నమ్మదగిన మనిషేనా అని ఒక్క క్షణం ఆలోచించి, నమ్మదగినవాడే అని తేల్చుకుని, తన ఫోనులో ఏదో నొక్కారు.

మంగతాయారు ఫోను కిర్రుమంది. ఆకుపచ్చ చుక్క ఆరిపోయి బూడిదరంగు చుక్క వచ్చింది. పట్టుచీర ఫొటో కింద ఎర్ర అక్షరాలు లేవు. ‘వాన కారణంగా ఈ దుకాణం ఆగినది. పాత ఆర్డర్లు రద్దు. ఇందులో వర్తకురాలి తప్పు లేదు’ అని ఉంది. ఆవిడ ఆ చివరి మాట మూడుసార్లు చదువుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత వానలో ఎవరికీ తెలియలేదు.

“ఇక షట్టరు ఉత్తర్వు” అని పరాంకుశం గారు ఇంకో తడి కాగితం సత్తిరాజు చేతిలో పెట్టారు. “సదరు దుకాణము వాన కారణముగా మూయబడినది. వానలు పూర్తిగా వెనుదిరిగి, ఎండ కాసిన పిమ్మట తెరుచుకొనవచ్చును.”

“ఇవి గొడుగులండీ బాబూ” అన్నాడు సత్తిరాజు నెమ్మదిగా. “వానలన్నీ పోయాక తెరుచుకుని ఏం చేసుకోవాలి?”

పరాంకుశం గారు లక్కా, దారం సర్దమని బంట్రోతుకి సైగ చేశారు. గొడుగుల సంగతి నిబంధనల్లో లేదు మరి. సత్తిరాజు జేబులోంచి పెన్ను తీసి, దాన్నేం చెయ్యాలో తెలియనట్టు ఒకసారి చూసుకుని, వసారా వైపు నడిచాడు.

తన పేరు దక్కించుకోవడానికి ఆయన గొంతు పోగొట్టానని మంగతాయారుకి అనిపించింది. ఆవిడ షట్టరు వైపు చూసింది. లక్క సీలు ఎర్రగా, అందంగా ఉంది. కాస్త పక్కకి జరిగి చూసింది. అక్కడ గోడ లేదు. గొడుగులన్నీ వేలాడుతూ కనబడుతున్నాయి.

“ఏవండీ, ఆగండి” అని కేకేసి, రేకు కింది నుంచి కుర్చీని ఒక్క లాగు లాగి ప్రహరీ వైపుకి, స్తంభానికి ఇవతల వేసింది. “ఇటొచ్చి కూర్చోండి.”

“సీలు వేసిన షట్టరు వెనక్కి...” అని మొదలుపెట్టారు పరాంకుశం గారు.

“ఇది వెనక కాదు బాబూ, పక్క. కూర్చుని చెయ్యి చాపితే గొడుగు అందుతుంది. ఇటు షట్టరు ఉందా?”

“లేదు.”

“షట్టరు లేని దుకాణాన్ని మూసే అధికారం ఎవరికుందన్నారు?”

పరాంకుశం గారు ఆ మాటని పెదాలు కదుపుతూ మళ్ళీ చెప్పుకున్నారు. వాన ఆయన చొక్కా కాలరు లోపలికి పోతోంది. తన నోటి మాటని ఆయన అంత జాగ్రత్తగా ఎన్నడూ పరీక్షించి ఉండరు. ఎటు నుంచి చూసినా అందులో తప్పు కనబడలేదు.

“ఈ లోకంలో ఎవరికీ లేదు” అన్నారు చివరికి, ఎంతో గౌరవంగా.

సత్తిరాజు కుర్చీలో కూర్చుని పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పరాంకుశం గారు పర్మిషన్ ఇంకా మిగిలి ఉందని వాచీలో చూసి నిర్ధారించుకుని, పౌరుడి హోదాలో వచ్చి ఒక నల్ల గొడుగు అడిగారు. ఆయన వెనక బంట్రోతు నిలబడ్డాడు. బంట్రోతు వెనక, వానకి పరిగెత్తుకొచ్చిన ఎదురింటి ఆసామి సైకిలుతో సహా నిలబడ్డాడు.

“తీసుకున్నవాళ్ళు ముందుకి జరగాలండీ, వెనక జనం ఉన్నారు!” అని సత్తిరాజు వీధంతా వినబడేలా కేకేశాడు. పరాంకుశం గారు జరిగారు.